ఆకాశాన్ని చూపించింది చాలు, ఇక కొలిపిద్దాం

నాగాయలంక దాటాక మా రొయ్యల చెరువు గట్టు మీద రాత్రిళ్లు టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంటాను. దారిన పోయేవాళ్లు బండి ఆపి, ఏం చూస్తున్నారండీ అని అడుగుతారు. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలండీ అంటాను. మమ్మల్నీ ఓసారి చూడనివ్వండి అంటారు. అక్కడ చూడటానికి ఏమీ ఉండదు. కన్ను పెట్టాల్సిన చోట కెమెరా బిగించి ఉంటుంది. ల్యాప్‌టాప్ తెర మీద తెల్లటి చుక్కలు కొన్ని, వాటిలో ఒకటి మనకు కావలసింది. మూడు నాలుగు గంటలు ఓపిక పడితే ఆ చుక్క వెలుగు నూటికి ఒకటో రెండో పాళ్లు తగ్గి, కొంతసేపు అలాగే ఉండి, మళ్లీ మామూలుకు వస్తుంది. కంటికి ఆ తేడా ఆనదు. లెక్కలు కట్టి గీత గీస్తే మధ్యలో చిన్న పల్లంలా కనిపిస్తుంది. ఆ పల్లమే గ్రహం.

ఆ మాట విన్నాక చాలామంది నిరుత్సాహపడి వెళ్లిపోతారు. చంద్రుడో శనిగ్రహమో ఆకాశంలో ఉంటే అది చూపించి పంపిస్తాను, సంతోషిస్తారు. ఆ సంతోషం మంచిదే. కానీ ఆ చిన్న పల్లమే ఎక్కువ విలువైనదని నా నమ్మకం. మన బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల పిల్లలు దాన్ని కొలవగలరనీ, కొలిస్తే ఆ అంకె ప్రపంచానికి నిజంగా పనికొస్తుందనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను శాస్త్రవేత్తను కాను. బందరులో బీఎస్సీ చదివి, నాన్నగారి వరి పొలంలో కొన్నాళ్లు చేసి, తర్వాత అందరిలాగే చెరువులు తవ్వించాను. వెనామీ రకం రొయ్య వేసినవాడికి రాత్రి నిద్ర ఉండదని ఈ సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే, జనరేటరు వెంటనే అందుకోకపోతే, రొయ్య తేలిపోతుంది. అందుకని గట్టు మీద ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. ఆ మెలకువను నేను ఆకాశానికి కూడా వాడుకుంటున్నాను.

పని తీరు చెబుతాను. గ్రహం తన నక్షత్రం చుట్టూ తిరుగుతూ మనకూ ఆ నక్షత్రానికీ మధ్యకు వస్తే, దాని వెలుగులో కొంత అడ్డుకుంటుంది. బయటివాళ్లెవరైనా మన సూర్యుణ్ణి చూస్తుంటే, గురుగ్రహం అడ్డం వచ్చినప్పుడు సుమారు నూటికి ఒక పాలు వెలుగు తగ్గుతుంది. భూమి అడ్డం వస్తే తగ్గేది పదివేలకు ఒక పాలు కూడా ఉండదు. కాబట్టి మాబోటివాళ్లకు అందేవి గురుడంత పెద్దవి, తమ నక్షత్రానికి బాగా దగ్గరగా, రెండు మూడు రోజులకే చుట్టు తిరిగేసే గ్రహాలు. వందకిలోల బస్తాలోంచి కిలోన్నర ధాన్యం తీస్తే, ఆ తరుగును కాటా తప్పకుండా చూపించాలి. మాకు కావలసిన కచ్చితత్వం అంతే.

గాలిలో తేమ మారుతుంటుంది, పల్చటి మబ్బు తెర పోతుంటుంది, నక్షత్రం నడినెత్తి నుంచి పడమరకు వాలుతుంటుంది. వీటన్నిటి వల్లా వెలుగు మారుతూనే ఉంటుంది కదా, మరి గ్రహం వల్ల తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఒకే ఫొటోలో పడిన పక్క నక్షత్రాలను సాక్షులుగా పెట్టుకుంటాం. గాలి వల్ల తగ్గితే అన్నీ కలిసి తగ్గుతాయి. మన చుక్క ఒక్కటే తగ్గి, సాక్షులు స్థిరంగా ఉంటే అది గ్రహం పని. అరనిమిషానికో నిమిషానికో ఒక ఫొటో చొప్పున, గ్రహం అడ్డు రావడానికి గంట ముందు మొదలుపెట్టి, తప్పుకున్నాక ఇంకో గంట దాకా తీస్తూ పోవాలి. చుక్కను సూదిమొనలా తీయాలని అందరూ అనుకుంటారు. మేము కావాలనే ఫోకస్ కొంచెం సడలిస్తాం. వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకుంటే కొలత నిలకడగా వస్తుంది. కంప్యూటరు గడియారం సెకను కూడా తేడా లేకుండా సరిచూసుకోవాలి. ఫొటో ఎంత అందంగా వచ్చిందని ఇక్కడ ఎవరూ అడగరు, ఎన్నింటికి తీశావని అడుగుతారు.

ఇది పెద్ద అబ్జర్వేటరీల సొత్తు అనుకునేవాళ్లకు ఒక చరిత్ర చెప్పాలి. మన సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని మొదట తేలింది 1995లో. మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 51 పెగాసీ దగ్గర కనిపెట్టారు. 2019లో నోబెల్ అందుకున్నారు. వాళ్లు నక్షత్రం ఊగిసలాటను బట్టి పట్టుకున్నారు. గ్రహం అడ్డు రావడాన్ని మొదటిసారి చూసింది 1999లో. అప్పటికి విద్యార్థిగా ఉన్న డేవిడ్ షార్బనో, ఆయన సహచరులు కొలరాడోలో వాడిన టెలిస్కోపు వెడల్పు పది సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు. నక్షత్రం పేరు హెచ్‌డీ 209458. మన పంచాంగం ప్రకారం వెతకాలంటే పూర్వాభాద్రకు కాస్త పడమరగా ఉంటుంది. మరుసటి ఏడాది, 2000 సెప్టెంబరులో ఫిన్లాండులోని నిరోలా అనే చిన్న ఊళ్లో ఔత్సాహికుల సంఘం ఒకటి సొంత అబ్జర్వేటరీ నుంచి అదే గ్రహాన్ని పట్టుకుంది. జీతం తీసుకునే ఖగోళవేత్తలు కాదు వాళ్లు, సాయంత్రం పని ముగించుకుని వచ్చినవాళ్లు. తర్వాత 2006లో ఎక్స్‌ఓ-1బీ అనే గ్రహాన్ని కనిపెట్టిన బృందంలో ఔత్సాహికులు శాస్త్రవేత్తలతో సమానంగా పేర్లు వేయించుకున్నారు. 2014లో ఒక అమెరికా సాంకేతిక పత్రికలో మామూలు డిజిటల్ కెమెరా, 300 మిల్లీమీటర్ల పాత లెన్సు, ఇంట్లో చేసుకున్న చెక్క స్టాండుతో హెచ్‌డీ 189733 చుట్టూ ఉన్న గ్రహాన్ని నమోదు చేసిన పద్ధతి అచ్చయింది. శ్రవణానికి ఉత్తరంగా ఉంటుంది ఆ నక్షత్రం. అరవై నాలుగు కాంతి సంవత్సరాల దూరం.

అవన్నీ దూరదేశాల సంగతులు, బందరుకేం సంబంధం అంటారేమో. చాలా ఉంది. అది మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ.

నక్షత్రాల వెలుగును అంకెల్లో చెప్పే కొలత ఒకటుంది, మాగ్నిట్యూడ్ అంటారు. అయిదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే సరిగ్గా వంద రెట్ల తేడా అని 1856లో లెక్క స్థిరపరచినవాడు నార్మన్ పాగ్సన్. ప్రపంచంలో ఇవాళ ఎవరు ఏ నక్షత్రాన్ని కొలిచినా, జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు లెక్కయినా, మా గట్టు మీద నా లెక్కయినా పాగ్సన్ గీసిన ఆ కొలబద్ద మీదనే. ఆయన 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఆయన పరికరాలు దింపుకున్నది మన బందరులో. అంతకు నాలుగేళ్ల ముందే, 1864 నవంబరులో ఉప్పెన వచ్చి బందరును తుడిచిపెట్టి, వేల ప్రాణాలు తీసింది. ఆ దెబ్బ నుంచి ఊరు ఇంకా తేరుకోకముందే ఆయన ఇక్కడ నిలబడి, సూర్యుడి అంచున ఎగసిపడే మంటల కాంతిని విడదీసి చూశాడు. సోడియం గీత మీదో, దాని పక్కనో ఒక పసుపు గీత ఉందని రాసిపెట్టాడు. అదే గ్రహణాన్ని గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ చూశాడు. ఆ పసుపు గీతే తర్వాత హీలియం అనే కొత్త మూలకం ఆచూకీ అయింది. భూమి మీద హీలియం దొరకడానికి 1895 దాకా ఆగాల్సివచ్చింది. గుంటూరు పేరయినా అక్కడక్కడా పుస్తకాల్లో కనిపిస్తుంది. బందరు పేరు ఎవరూ తలచరు.

ఇంకా వెనక్కి వెళ్తే మైకేల్ టాపింగ్ కనిపిస్తాడు. మద్రాసు అబ్జర్వేటరీ కట్టించినవాడు. అక్కడి రాతి స్తంభం మీద 1792 సంవత్సరం, ఆయన పేరు చెక్కి ఉంటాయి, తెలుగులో కూడా శాసనం ఉంటుంది. మన కోస్తాను నక్షత్రాల సాయంతో కొలిచింది ఆయనే. కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించవచ్చా అని ఈ నేల వాలును కొలిచింది కూడా ఆయనే. 1796 జనవరిలో జ్వరం వచ్చి బందరులోనే కన్నుమూశాడు. మా చెరువులకు కాలవ నీళ్లు వస్తున్నాయంటే, ఆ ఆలోచనకు తొలి కొలతలు వేసినవాళ్లలో ఒకడు ఖగోళవేత్త అన్నమాట. చుక్కలను కొలవడం పని లేనివాళ్ల పని అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

మరొకటి. వేరే నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని లెక్కలతో వాదించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి కూడా ఆ మద్రాసు అబ్జర్వేటరీదే. 1855లో, అంటే బెజవాడ ఆనకట్ట పూర్తయిన ఏడాదే, కెప్టెన్ డబ్ల్యూ.ఎస్. జేకబ్ 70 ఓఫియూకీ అనే జంట నక్షత్రాల కదలికలో తేడా చూసి, అక్కడ కంటికి కనపడని గ్రహం ఉండి ఉండాలన్నాడు. ఆ వాదం తర్వాత నిలవలేదు. అయినా ప్రశ్న పుట్టింది మన తీరాన, లండన్ పత్రికలో అచ్చయింది.

వీళ్లంతా దొరలు, ప్రభుత్వ ఉద్యోగులు కదా అనవచ్చు. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు ఉద్యోగి కాడు. జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వెళ్లి అక్కడి అబ్జర్వేటరీలోని టెయిలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న ఆరంగుళాల టెలిస్కోపుతో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని గమనించి కాలం నమోదు చేశాడు. నక్షత్రం ముందు నుంచి గ్రహం నడిచిపోతుంటే గడియారం పట్టుకుని కూర్చోవడం. నేను చెబుతున్న పని అచ్చంగా అదే. ఆయనకు ఆ నక్షత్రం సూర్యుడు, మనకు వందల కాంతి సంవత్సరాల అవతలి చుక్క. నూట యాభై ఏళ్ల కిందట ఒక తెలుగువాడు తన ఇంట్లోంచి చేసిన పనిని ఇవాళ మన కాలేజీలు చేయలేవంటే నేను ఒప్పుకోను.

చేస్తే ఎవరికి లాభం అన్నది అసలు ప్రశ్న.

ఇలా వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే బాహ్యగ్రహాల్లో ఇప్పటికి తేలిన వాటి లెక్క 2025లో ఆరు వేలు దాటింది. వాటిలో కొన్నిటి గాలిలో ఏ వాయువులున్నాయో జేమ్స్ వెబ్ లాంటి టెలిస్కోపులు పరీక్షిస్తున్నాయి. పరీక్ష జరగాలంటే గ్రహం నక్షత్రం ముందుకు వచ్చే వేళ కచ్చితంగా తెలియాలి. అక్కడ ఒక చిక్కుంది. హెచ్‌డీ 209458 గ్రహం సుమారు మూడున్నర రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని చుట్టుకాలం లెక్కలో ఒక్క సెకను తేడా ఉందనుకోండి. పదేళ్లలో వెయ్యికి పైగా చుట్లు. తేడా వెయ్యి సెకన్లు దాటుతుంది, అంటే పదిహేడు నిమిషాలు. అంత ఖరీదైన టెలిస్కోపును తప్పు వేళకు తిప్పి కూర్చోవాల్సి వస్తుంది. అందుకే ఎవరో ఒకరు ఆ గ్రహాలను మళ్లీ మళ్లీ గమనిస్తూ వేళలు సరిదిద్దుతూ ఉండాలి. పెద్ద టెలిస్కోపులకు ఆ తీరిక లేదు.

ఇందుకు నిజంగా జరిగిన సంగతి ఒకటి. నిక్కు మధుసూదన్ పేరు తెలుగు పాఠకులకు తెలుసు. కేంబ్రిడ్జిలో ఉండి కే2-18బీ అనే గ్రహం గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని 2023లో ప్రకటించిన బృందానికి నాయకుడు. 2025లో అక్కడ జీవం ఆనవాలు కావచ్చంటూ మరో వాయువు సంగతి చెప్పినప్పుడు శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదమే నడిచింది, ఇంకా తేలలేదు. ఆ గ్రహానికి సంబంధించి పేపర్లలో రానిది ఇది: 2015లో కనిపెట్టినప్పటి లెక్కలో చిన్న దోషం దొర్లింది. తర్వాత స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపుతో సరిచూస్తే, అనుకున్న వేళకూ అసలు వేళకూ దాదాపు రెండు గంటల తేడా వచ్చింది. ఆ సవరణ జరగకపోతే తర్వాతి టెలిస్కోపులు ఆ గ్రహం అడ్డు వచ్చే సమయాన్నే తప్పిపోయేవి. అది మాలాంటి చిన్న టెలిస్కోపులకు అందే గ్రహం కాదు. కానీ అందేవి వందల్లో ఉన్నాయి. వాటి వేళలు సరిచూసే పనిని నాసా ఎక్సోప్లానెట్ వాచ్ పేరుతో, యూరప్‌వాళ్లు తాము పంపబోయే ఏరియల్ టెలిస్కోపు కోసం ఎక్సోక్లాక్ పేరుతో మామూలు జనానికి తెరిచారు. కొలత పంపినవాళ్ల పేర్లు పరిశోధన పత్రాల్లో రచయితలుగా వేస్తున్నారు. డిగ్రీ అడగరు, వయసు అడగరు. డేటా బాగుందా లేదా, అంతే.

ఇందులో మన రేఖాంశం విలువ ఉంది. మనకు అర్ధరాత్రి అయినప్పుడు అమెరికాలో పట్టపగలు, యూరప్‌లో ఇంకా సాయంకాలం. ఆ వేళకు అడ్డు వచ్చే గ్రహాన్ని మనమూ మన చుట్టుపక్కల దేశాలవాళ్లూ చూడాలి, లేకపోతే అది నమోదు కాకుండా పోతుంది. అక్షాంశం విలువ కూడా ఉంది. బందరు భూమధ్యరేఖకు పదహారు డిగ్రీల ఉత్తరాన ఉంది. వాస్ప్-43 అనే నక్షత్రం ఫిన్లాండు నిరోలా నుంచి దిగంతానికి పద్దెనిమిది డిగ్రీల ఎత్తు కూడా దాటదు. మనకు అరవై నాలుగు డిగ్రీల ఎత్తున నిలుస్తుంది. దక్షిణాకాశంలో ఉండే వాస్ప్-121 వాళ్లకు అసలు ఉదయించదు. మనకు శీతాకాలపు రాత్రుల్లో దక్షిణం వైపు సముద్రం మీద ముప్పయ్యయిదు డిగ్రీల ఎత్తున కనబడుతుంది. ఆ దిక్కున హంసలదీవి దాటితే దీపం లేదు.

మన ఆకాశంలో కష్టాలు లేవని చెప్పను. జూన్ నుంచి నవంబరు దాకా మబ్బులు, తుపానులు. డిసెంబరు, జనవరిల్లో అర్ధరాత్రి దాటితే చెరువుల మీద మంచు లేచి ఎదుటి గట్టు కనపడదు. అద్దం మీద చెమ్మ పట్టకుండా గొట్టం చుట్టూ వేడి పట్టీ కట్టాలి. ఉప్పుగాలికి ఇనప మరలు తుప్పుపడతాయి, పని అవగానే అన్నీ సిలికా జెల్ వేసిన పెట్టెలోకి చేరాలి. ఏరియేటర్ల లైను మీద ఓల్టేజీ ఎగిరిపడుతుంటుంది కాబట్టి కెమెరాకు విడిగా బ్యాటరీ పెట్టుకోవాలి. తెర వెలుగుకు పురుగులు ముసురుకుంటే ఎర్ర కాగితం అంటించుకోవాలి. ఇవి చేసుకోదగ్గ పనులే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మనకు దొరికే రాత్రులు ఎంతో మంచివి, మొదలుపెట్టే కాలం అదే.

ఇక మన బళ్ల సంగతి. గుడివాడ దగ్గర ఒక హైస్కూల్లో టెలిస్కోపు ఉందని తెలిసి సంబరంగా వెళ్లాను. మంచిది, ఆరంగుళాలది. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం నాడు పెట్టెలోంచి తీసి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరికీ పది సెకన్లు చంద్రుణ్ణి చూపించి, మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. అక్కడి మాస్టారు మంచివారు. చూపించడమే తన బాధ్యత అనుకున్నారు, ఎందుకంటే ఆయనకూ ఎవరూ అంతకు మించి చెప్పలేదు. పది సెకన్ల చంద్రుడు పిల్లవాడికి జ్ఞాపకంగా మిగులుతాడు. అదే పిల్లవాడు మూడు గంటలు కూర్చుని తన చేత్తో గీసిన గ్రాఫులో ఒక గ్రహం తాలూకు పల్లం చూస్తే, తనకు భౌతికశాస్త్రం వచ్చునని తెలుసుకుంటాడు. సగటు అంటే ఏమిటో, దోషం అంటే ఏమిటో, ఒక కొలతను ఎంతవరకు నమ్మవచ్చో పుస్తకంలో ఏడాది చదివినా పట్టుబడనిది ఒక్క రాత్రిలో పట్టుబడుతుంది. మా అన్నయ్య మనవరాలు ఇంటర్ చదువుతోంది. గ్రాఫు గీసి చూపిస్తే, "తాతయ్యా, ఈ ఒక్క చుక్క మిగతా వాటితో కలవట్లేదు, తీసేద్దామా?" అంది. కారణం దొరక్కుండా తీయకూడదమ్మా అన్నాను. ఇద్దరం కూర్చుని వెతికితే ఆ ఫొటో మీదుగా ఉపగ్రహం పోయిన గీత కనిపించింది. అప్పుడు తీసేసింది, ఎందుకు తీసేసిందో పక్కన రాసింది. శాస్త్రమంటే అదే పని.

చదువునూ చేతిపనినీ కలపాలని 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టిన ఊరు బందరు. ఆ కళాశాల పెట్టిన కోపల్లె హనుమంతరావు గారి ఊళ్లో విద్యార్థి చేతికి పరికరం ఇవ్వమని వేరే అడగాల్సి రావడం బాగాలేదు.

డబ్బు సాకు నిలవదు. కేంద్రం 2016 నుంచి నడుపుతున్న అటల్ టింకరింగ్ ల్యాబుల కింద ఎంపికైన బడికి ఇరవై లక్షల దాకా సాయం వస్తుంది. అందులో చిన్న భాగంతో టెలిస్కోపు, కెమెరా రెండూ వస్తాయి. అసలు ఏమీ కొనకుండానే మొదలుపెట్టే దారి కూడా ఉంది. అమెరికాలోని ఆరంగుళాల రోబో టెలిస్కోపులు తీసిన ఫొటోలను ఎక్సోప్లానెట్ వాచ్ ఉచితంగా ఇస్తుంది, వాటిని లెక్కగట్టే ఎగ్జోటిక్ అనే సాఫ్ట్‌వేరూ ఉచితమే, ఇంటర్నెట్టు ఉన్న కంప్యూటరు చాలు. ముందు పరాయి ఫొటోల మీద చేయి తిరిగితే, తర్వాత సొంత ఆకాశం మీద పడవచ్చు.

సొంత ఆకాశం మిగిలితే గదా అన్నది నా రెండో బెంగ. ఏటేటా చెరువుల గట్ల మీద తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు పెరిగిపోతున్నాయి. దొంగల భయం నాకూ ఉంది, నేనూ దీపాలు పెట్టాను. కానీ దీపం నీళ్ల మీదకీ గట్టు మీదకీ చూడాలి. ఆకాశంలోకి చూస్తే దొంగ దొరకడు, కరెంటు బిల్లు మాత్రం వస్తుంది. పైన రేకు మూత, పసుపు రంగు బల్బు, అంతే కావలసింది. బందరు పోర్టు పనులు సాగుతున్నాయి. అది రావాలి, మా కుర్రాళ్లకు ఉద్యోగాలు కావాలి. క్రేన్ల మీద, యార్డుల మీద పెట్టే దీపాలకు కిందికి చూసే మూతలు ఇప్పుడే పెట్టిస్తే ఖర్చు స్వల్పం, తర్వాత మార్చాలంటే ఎవరూ చేయరు. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పుట్టిన పిల్లలు వెలుగును బట్టి సముద్రం వైపు దారి వెతుక్కుంటాయి, ఒడ్డున దీపాలుంటే దారి తప్పుతాయి. లడఖ్‌లో హన్లేను 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మధ్యప్రదేశ్ సరిహద్దులో పెంచ్ పులుల అడవికి 2024లో అలాంటి గుర్తింపు వచ్చింది. కృష్ణా అభయారణ్యం మడ అడవుల నుంచి హంసలదీవి దాకా ఉన్న పట్టీకి అలాంటి రక్షణ అడగడానికి మనకు తాబేళ్లూ ఉన్నాయి, చుక్కలూ ఉన్నాయి. జిల్లా అధికారులు ఆలోచించాలి.

పోర్టు, రోడ్డు, మద్దతు ధర, కాలవ నీళ్లు లాంటి సమస్యలుండగా ఈ గోల ఎందుకని కొందరు అంటారు. నేను కూడా రొయ్యల కౌంటు ధర పడిపోతే నిద్రపట్టని రైతునే. ఆ కష్టాలకు పోరాడుతూనే ఇదీ చేయవచ్చు, ఒకదానికి ఇంకొకటి అడ్డం కాదు. 1864 ఉప్పెనలో సర్వం పోగొట్టుకున్న బందరు నాలుగేళ్లకే ఒక ఖగోళవేత్తకు చోటిచ్చింది. 1977 ఉప్పెన తర్వాత దివిసీమ తన పిల్లల్ని మళ్లీ బడికి పంపింది. ఆ పిల్లల్లో నేనొకణ్ణి.

భౌతికశాస్త్రం చెప్పే మాస్టార్లకు, లెక్చరర్లకు నా మనవి. మీ బడిలో టెలిస్కోపు ఉంటే పెట్టె తెరవండి. కెమెరా బిగించండి. ఫిబ్రవరి చివర, వెన్నెల లేని వారంలో వాస్ప్-43తో మొదలుపెట్టండి. దాని గ్రహం ఇరవై గంటల లోపే చుట్టు తిరుగుతుంది కాబట్టి అవకాశాలు తరచుగా వస్తాయి. పల్లం రెండున్నర శాతం, చిన్న పరికరానికీ అందుతుంది. మొత్తం తంతు గంటా పది నిమిషాలు, ముందూ వెనకా కలుపుకుంటే మూడు గంటల పని, పిల్లలు మర్నాడు బడి మానక్కర్లేదు. ఆ గ్రహానికి పగలు 1250 డిగ్రీల వేడి, రాత్రి వైపు 600 డిగ్రీలు అని జేమ్స్ వెబ్ కొలిచింది. అది ఎన్నింటికి అడ్డం వచ్చిందో మీ పిల్లలు కొలిచి పంపితే, ఆ అంకె కూడా అదే ఖాతాలో చేరుతుంది. టెలిస్కోపు లేనివాళ్లు, నేర్చుకోవాలనుకున్నవాళ్లు నాగాయలంక వైపు రండి. మబ్బు లేని రాత్రి నేను గట్టు మీదే ఉంటాను.